ఆ గంటలు ఎవరివి?

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అక్కడి రోగికి డయాలసిస్ జరుగుతున్న నాలుగేసి గంటలూ యంత్రాన్నీ మనిషినీ కనిపెట్టుకుని ఉండేది నర్సు. బీపీ పడిపోతుంటే ముందుగా పసిగట్టాల్సిందీ ఆమే. ఎప్పుడో చదివిన చదువు ఇక్కడ చాలదు. నర్సు నేర్చుకుంటూనే ఉండాలని కోరడం రోగి హక్కు. అందులో పేచీ లేదు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం పెట్టింది. అంటే ఏడాదికి 30 గంటలు. అంకె చిన్నదే. కానీ ఆ గంటలు ఎక్కడినుంచి రావాలి? నైట్ డ్యూటీ దిగి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపిన మనిషి నిద్రలోంచా? సదస్సు విశాఖలో అయితే ఇచ్ఛాపురం నర్సుకు రానూపోనూ ఒక రోజు పోతుంది. ఆ రోజు ఎవరి ఖాతాలో?

ఆమెను 'సిస్టర్' అని పిలుస్తాం. తోబుట్టువు తన సేవకు లెక్క అడగదని మన నమ్మకం. ఆ నమ్మకమే ఆమె సమయాన్ని ఉచితం చేసింది.

1947 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. నియమాలు మారవచ్చు, ఈ ప్రశ్న మారదు. నేర్చుకోవడం ఆమె బాధ్యతైతే, అందుకు సమయం ఇవ్వడం ఆస్పత్రి బాధ్యత. ఆ గంటలు డ్యూటీ పట్టికలో కనిపించాలి, ఆ పూటకు వార్డులో మరొకరిని వేయాలి. రోగి హక్కు పేరు చెప్పి ఆమె నిద్రను తీసుకుంటే, తెల్లారి ఆ నిద్రలేని చేతుల్లో ఉండేది ఆ రోగే.