అలసిన ఒంటి మీద కరుణ





మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకోతల కాలం వస్తే తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. నలభై ఏళ్లు ఆ చేలల్లో వంగి పనిచేసిన అమ్మలు కొందరు ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఆ ఆటోల వంకే చూస్తుంటారు. మోకాళ్లు లేవనివ్వవు. "నా పని అయిపోయింది. పిల్లలకు బరువైపోయాను. ఏ జన్మలో ఏం పాపం చేశానో!" అంటారు.

ఆ చివరి మాట దగ్గర ఆగుదాం. మోకాళ్లు అరిగింది పాపం వల్ల కాదమ్మా, పని వల్ల. పూర్వజన్మ పాపం అని మనకు నేర్పింది మనల్ని వెలివాడలో ఉంచినవాళ్లు. బాబాసాహెబ్ ఆ మాటను కాదన్నారు. దీక్ష తీసుకున్నాక కూడా దాన్ని గుండెలో దాచుకుంటే ఎట్లా?

బుద్ధుడు చెప్పిన రెండు బాణాల సంగతి విన్నారు కదా. ఒంటి నొప్పి మొదటి బాణం. ముసలితనంలో అది ఎవరికైనా తగిలేదే. "నేను ఎందుకూ పనికిరాను" అని తిట్టుకోవడం రెండోది. దాన్ని మన చేత్తో మనమే గుచ్చుకుంటున్నాం.

మరి తథాగతుడు తన ముసలితనంలో ఏం చేశాడు? ఎనభై ఏళ్ల వయసులో తన శరీరం తాళ్లు కట్టి నడిపిస్తున్న పాత బండిలా ఉందని ఆనందుడికి దాచకుండా చెప్పాడు. కుశినారకు నడుస్తూ దారిలో ఒక చెట్టు కింద ఆగాడు. అలసిపోయాను, చీవరం మడిచి పరచమన్నాడు. దాహంగా ఉంది, నీళ్లు తెమ్మన్నాడు. సిగ్గుపడలేదు. లోకానికి ధమ్మం పంచిన ఆయనే అడిగితే, కోడల్ని గ్లాసుడు నీళ్లు అడగడానికి మనం ఎందుకు కుంచించుకుపోవాలి?

1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అన్ని ప్రాణుల మీద కరుణ చూపుతామన్నది ఒకటి. ఆ ప్రాణుల్లో మీరు లేరా?

ఈ రాత్రి పడుకునే ముందు మంచం మీదే కూర్చోండి. నేల మీద కూర్చోలేకపోతే తప్పేం లేదు. వచ్చే శ్వాసను, పోయే శ్వాసను పదిసార్లు గమనించండి. నొప్పి పెట్టే మోకాలిని మెల్లగా తడిమి, "ఇన్నేళ్లు నన్ను మోశావు, ఇక నెమ్మదిగా నడుద్దాం" అనుకోండి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకి, ఊరికి మైత్రి పంపండి.

కరుణ అంటే అన్యాయానికి తలవంచడం కాదు. పింఛను ఒకరి దయ కాదు, మన హక్కు. ఆగితే సచివాలయానికి వెళ్లి అడగాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మనసు బరువెక్కినా డాక్టరుకు చెప్పాలి.

వందనానికి రాలేని పెద్దల ఇంటికి మనమే వెళ్దాం. ఉపదేశాలు వద్దు. ఆనందుడిలా పక్కన కూర్చుని నీళ్లు అందిద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!