నాకొక్కడికే వినపడే మోత

బండి మీంచి పడి ఏడాది దాటింది. తలకి వేసిన కుట్లు తీసేశారు, జుట్టు మొలిచింది, సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ఎడమ చెవిలో కీచురాయి మాత్రం పోలేదు. పగలు ట్రాఫిక్‌లో కలిసిపోతుంది. రాత్రి లైటు తీశాక మొదలవుతుంది. మొదలవడం కూడా కాదు, అప్పటిదాకా ఉన్నదే బయటపడుతుంది.

"నిజంగా శబ్దమేం లేదు కదా, పట్టించుకోకు" అన్నాడు ఓ ఫ్రెండ్, మంచి ఉద్దేశంతోనే. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. పదేళ్ల క్రితం నాన్నతో నేనన్న మాటే అది.

మెట్ల మీద జారి తలకి దెబ్బ తగిలాక, నాన్న "చెవిలో ఒకటే హోరురా" అనేవాడు. "రిపోర్టులు బాగానే ఉన్నాయిగా నాన్నా" అనేవాణ్ణి. కొన్నాళ్లకి చెప్పడం మానేశాడు. తగ్గిందనుకున్నాం.

తలకి దెబ్బ తగిలితే లోపలి చెవిలోని సున్నితమైన కణాలు పాడవచ్చు. అక్కణ్ణుంచి వచ్చే సంకేతాలు తగ్గితే, ఆ లోటు పూడ్చుకోడానికి మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటుందనీ, ఆ రొదే మనకి మోతలా వినిపిస్తుందనీ చాలామంది పరిశోధకులు అంటారు. మామూలు స్కాన్‌లో ఇది కనపడదు. ఆడియాలజిస్ట్ కూడా రకరకాల స్వరాలు వినిపించి "ఇలా ఉందా?" అని నన్నే అడగాలి. సాక్షిని నేనొక్కణ్ణే.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగా ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. 94 శాతం మంది ఏదో ఒక మోత వినపడిందన్నారు. అదే ఏడాది, విట్గెన్‌స్టైన్ చనిపోయిన రెండేళ్లకి, ఆయన 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్' అచ్చయింది. అందులో ఒక ఊహ ఉంది: ప్రతివాళ్ల దగ్గరా ఓ పెట్టె, లోపల ఉన్నదాన్ని అందరూ 'పెంకుపురుగు' అనే అంటారు, కానీ ఎవరూ ఇంకొకరి పెట్టెలోకి చూడలేరు. లోపల ఏముందన్నదానికి ఆ ఆటలో చోటే లేదంటాడాయన. అందరూ ఆ మాటని ఎలా వాడుతున్నారన్నదే లెక్క.

ఇది చదివితే మొదట భయమేసింది. నా కీచురాయి లెక్కలోకే రాదా? తర్వాత నాన్న గుర్తొచ్చాడు. ఆయన పెట్టెలోకి చూడలేకపోవడం నా తప్పు కాదు. చూడలేను కాబట్టి ఖాళీ అని తేల్చెయ్యడం నా తప్పు. 'హోరు' అన్న మాట వాడుకోడానికి ఇంట్లో ఆయనకి చోటు లేకుండా చేశాను.

అలాగని చెప్పిందల్లా నమ్మాలా? అబద్ధం చెప్పేవాళ్లుండరా? ఉంటారు. క్లెయిమ్ మీద సంతకం పెట్టే ఇన్సూరెన్సు ఆఫీసరు రుజువు అడగాల్సిందే. కానీ కొడుకు ఇన్సూరెన్సు ఆఫీసరు కాడు. పొరపాటున నమ్మితే నాకు పోయేది కాస్త ఓపిక. పొరపాటున నమ్మకపోతే ఆయన ఆ మోతతో ఒంటరిగా మిగిలిపోతాడు. ఈ రెండు పొరపాట్లూ సమానం కావు. ఇంట్లోవాళ్ల విషయంలో నమ్మకం రుజువు తర్వాత వచ్చేది కాదేమో, ముందే ఇవ్వాల్సిందేమో.

మొన్న ఊరెళ్లినప్పుడు అడిగాను, "ఇంకా వినపడుతోందా నాన్నా?"

"తగ్గిందని ఎవరన్నారు?" అన్నాడు.

నా సంగతి చెప్పాను. ఏ చెవి అని అడిగాడు. ఇంకేం అడగలేదు. పడుకునేముందు లేచి ఫ్యాను పెద్దది చేశాడు. డిసెంబరు చలి. రెండో దుప్పటి నా మీద కప్పాడు.