పడవ మోస్తుంది కదా!

యూరప్‌లో డాన్యూబ్ నది మీద తిరిగే పెద్ద క్రూజ్ పడవ పొడుగు 135 మీటర్లు. వెడల్పు మాత్రం పదకొండున్నర మీటర్లు కూడా ఉండదు. అంత పొడుగుకి అంత సన్నం ఎందుకంటే గోదావరి జిల్లాల వాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు: లాకులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన కాలువల మీద ధాన్యం పడవలూ పెళ్లివారి పడవలూ ఈ లాకుల గుండానే పోయేవి. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, నీళ్లు నింపో వదిలో, ముందు తలుపు తీయడమే పని. అక్కడా అదే పద్ధతి, తలుపులే పెద్దవి. జర్మనీలో మైన్ నదినీ డాన్యూబ్‌నీ కలిపే 171 కిలోమీటర్ల కాలువ 1992లో పూర్తయింది. దాని మీద 16 లాకులున్నాయి. పడవని మెట్టుమెట్టుగా సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకి చేర్చి, మళ్లీ అలాగే దించుతాయి. లాకు వెడల్పు 12 మీటర్లు. అంటే పడవకి అటో అడుగు, ఇటో అడుగు ఖాళీ. లాకులో ఉన్నంతసేపూ కిటికీ తెరిస్తే నాచు పట్టిన తడి గోడ తప్ప ఇంకేమీ కనపడదు.

లాకుని బట్టి పడవ వెడల్పు, దాన్ని బట్టి గది, గదిని బట్టి బీరువా. మామూలు గది 170 చదరపు అడుగులుంటే బాగానే ఉన్నట్టు. అందులోనే ఇద్దరికి మంచం, స్నానాలగది, లైఫ్ జాకెట్లు పెట్టిన అర. ఖాళీ చేసిన పెట్టెలు మంచం కిందకి తోసెయ్యాలి. జర్మనీలో ఇంజనీర్లు ఎప్పుడో కట్టిన గోడలు ఇలా మా ఆవిడ పట్టుచీరల దాకా వచ్చాయి.

"రెండు పట్టుచీరలు ఎందుకే అక్కడ?"

"ఏమో అండీ, ఎందుకైనా మంచిది. అయినా మనం మొయ్యాలా ఏంటి, పడవ మోస్తుంది కదా!"

కాదనడానికి లేని వాదన. బస్సు యాత్రల్లో ఊరూరా పెట్టే బేడా సర్దుకోవాలి. నది ప్రయాణంలో ఒక్కసారి పెట్టె విప్పితే చాలు, ఇల్లే మనతో కదులుతుంది. రాత్రి పాసౌలో పడుకుంటే తెల్లారేసరికి ఇంకో ఊరి రేవు. ఈ సుఖమే పెట్టెల్ని పెంచుతుంది. సముద్రం మీది పెద్ద ఓడల్లోలాగా భోజనానికి సూటూ బూటూ వేసుకోవాల్సిన రాత్రులు కూడా ఇక్కడ ఉండవు. తువ్వాళ్లు, సబ్బు, చాలా పడవల్లో గొడుగు కూడా వాళ్లే ఇస్తారు. ఇంకేం మిగిలిందని నింపుతాం?

చాలా విమానాల్లో ఎకానమీ టికెట్ మీద 23 కిలోల పెట్టె ఒకటి ఉచితం. అది పై హద్దు. మన దగ్గర మాత్రం అదే లక్ష్యం. పద్దెనిమిది కిలోల దగ్గర ముల్లు ఆగితే ఇంకా ఐదు కిలోలు వృథా పోతున్నాయన్న బాధ మొదలవుతుంది. ఎవరో డబ్బులిస్తామన్నా వదిలేసుకుంటున్నట్టు ఇంటిల్లిపాదీ వంటింటి వైపు చూస్తారు. అక్కణ్ణుంచి మాగాయ వస్తుంది, కందిపొడి వస్తుంది, డబల్ ప్యాకింగ్ చేసిన నేతి సీసా వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికుల సామానులో తేకూడదు. నెయ్యి పాల పదార్థమే. ఈ మాట చెబితే మా బంధువుల్లో ఒక పెద్దావిడ, "నేతికి కూడా వీసా కావాలట్రా!" అని నవ్వేసింది కానీ సీసా మాత్రం తియ్యలేదు. బుల్లి రైస్ కుక్కర్ తీసుకెళ్లేవాళ్లు మరికొందరు. కెటిల్, ఇస్త్రీపెట్టె, కుక్కర్ లాంటివి నిప్పు భయంతో గదిలో వాడనివ్వరు. అయినా అవి వెళ్తూనే ఉంటాయి, వాడకుండా తిరిగి వస్తూనే ఉంటాయి.

వీటిలో అవసరాలు కొన్నే. మిగతా బరువంతా అక్కడ ఏం దొరుకుతుందో తెలియకపోవడం వల్ల వచ్చింది. ఈ సంగతి నాకు ఏనుగుల వీరాస్వామయ్య దగ్గర బాగా అర్థమయింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. సవారీలు, బోయీలు, డేరాలు, పరివారం. చూడబోతే కదిలే ఊరు. నేటి కళ్లకి అది ఆడంబరం. కానీ ఆయన రాసుకున్నది చూడండి: ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ ఏమీ దొరకవు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఆ వివరాలన్నీ రాసి పంపుతూ వచ్చాడు. ఆయన పోయాక పిళ్లై వాటిని 1838లో పుస్తకంగా తెచ్చాడు. ఫలానా చోట బియ్యం దొరుకుతాయని రాసిన ప్రతి వాక్యమూ వెనక వచ్చే బాటసారి బండిలోంచి ఒక బస్తా దించేసినట్టే లెక్క. తాను మోసింది మోస్తూనే ఇతరుల మోత తగ్గించిన మనిషి.

మన పడవ వెళ్లే ఈ డాన్యూబ్ ఒడ్డున, నూరేళ్ల తర్వాత, దీనికి పూర్తిగా ఎదురు కథ. పాట్రిక్ లీ ఫెర్మర్ అనే ఇంగ్లీషు కుర్రాడు పద్దెనిమిదేళ్ల వయసులో, 1933 డిసెంబరులో, హాలండ్ రేవులో దిగి కాన్‌స్టాంటినోపుల్ దాకా నడుస్తానని బయల్దేరాడు. వీపున ఒక సంచి. మ్యూనిక్ చేరాక ఆ సంచీని ఎవరో ఎత్తుకుపోయారు, అందులోని డైరీతో సహా. ఇంటికి తిరుగుముఖం పట్టాల్సిన సందర్భం. పట్టలేదు. అక్కడి మనుషులు ఇచ్చిందేదో పుచ్చుకుని నదిని పట్టుకుని తూర్పుకి పోయాడు. పదులకొద్దీ ఏళ్లు గడిచాక, 1977లో, ఆ నడక మీద మొదటి పుస్తకం వేశాడు. పోయిన డైరీ లేకుండానే అది అంత గొప్పగా వచ్చింది. సంచి పోతే మంచిదని నేననను. పద్దెనిమిదేళ్ల వాడికి చెల్లుతుంది, బీపీ మాత్రలు వేసుకునే వాళ్లకి చెల్లదు. వీరాస్వామయ్య తెలుసుకుని రాసిపెట్టాడు, ఫెర్మర్ తెలియకపోయినా ఒడ్డున ఉన్న మనుషుల్ని నమ్మాడు. మన పెద్ద పెట్టెలో ఈ రెండూ లోపించాయి. డాన్యూబ్ ఒడ్డున రోజుకో ఊరు తగులుతుంది, ప్రతి ఊళ్లోనూ మందుల షాపుంటుంది, స్వెట్టర్లమ్మే కొట్టుంటుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం కొట్లు మూసేస్తారని గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు పడవ మోస్తుందన్న మాట కూడా పూర్తి నిజం కాదు. రేవు నుంచి పడవ దాకా మోసేది ఎవరు? మేం ఎక్కిన చోట గట్టు మీంచి నీటి మట్టానికి దిగే రాతిమెట్లున్నాయి. మా వరసలో ఎవరిదో ముదురు నీలం పెట్టె, చుట్టూ నైలాన్ తాడు, పిడికి ఎర్ర రిబ్బను. రిబ్బను చూడగానే మనవాళ్లదేనని తెలిసిపోయింది. సిబ్బందిలో ఒక సన్నపాటి కుర్రాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి, మోకాలితో ఆనించుకుంటూ దిగుతున్నాడు. సగం మెట్ల మీద ఆపి, తాడు కోసిన చోట అరచేతిని ప్యాంటుకి రుద్దుకుని, చెయ్యి మార్చి మళ్లీ ఎత్తాడు. తర్వాత నాలాంటి వాళ్లవి పదులకొద్దీ వరసలో ఉన్నాయి. అతనికి జీతం ఇస్తున్నారు, నిజమే. బోయీలకీ ఇచ్చేవారు. వీరాస్వామయ్యకి తన సవారీ ఎవరి భుజం మీద ఉందో రోజూ కంటికి కనపడేది. మనకి పెట్టె నేరుగా గదిలోనే ప్రత్యక్షమవుతుంది, అందుకే దాని బరువు మన లెక్కలోకి రాదు.

ఒక్కోసారి నదే ఆ లెక్క తీసి చేతిలో పెడుతుంది. డాన్యూబ్ మీద స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ ఊళ్ల మధ్య సుమారు 70 కిలోమీటర్ల మేర ఆనకట్టలు కట్టకుండా నదిని దాని మానాన వదిలేశారు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే అక్కడ పెద్ద పడవలు ఇరుక్కుంటాయి. అప్పుడు కంపెనీలు చేసే ఏర్పాటు ఒకటే: అందరూ పెట్టెలు సర్దుకుని బస్సెక్కాలి, ఎగువ పడవ వాళ్లు దిగువ పడవలోకి, దిగువ వాళ్లు ఎగువ పడవలోకి. 2018 శరత్కాలంలో రైన్ నది ఎండినప్పుడూ, 2022 వేసవిలోనూ చాలామంది ప్రయాణాలు ఇలాగే అటూ ఇటూ అయ్యాయి. ఆ 2022లోనే సెర్బియాలో ప్రహోవో దగ్గర, 1944లో వెనక్కి పోతూ జర్మన్ నౌకాదళం తన చేతులారా ముంచేసిన యుద్ధనౌకలు నీళ్లు తగ్గి బయటపడ్డాయి, పేలని మందుగుండుతో సహా. పారిపోయేవాళ్లు వదిలేసిన సామాను ఎనభై ఏళ్లు కావస్తున్నా అప్పటికీ ఆ ఊరి పడవవాళ్ల దారికి అడ్డంగానే ఉండింది.

నది ప్రయాణానికి మనిషికి ఒక పెట్టె, అదీ మధ్యరకం, చాలు. ఒకదాని మీద ఒకటి వేసుకోగల పలచని బట్టలు, వాన కోటు, రాళ్లు పరిచిన పాత వీధుల్లో నడవడానికి కాలికి అలవాటైన బూట్లు. రోజూ వేసుకునే మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో. వాటిని చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ వెయ్యొద్దు. మాగాయ చిన్న సీసా పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. పట్టుచీర ఒకటి చాలని మా ఇంట్లో చివరికి రాజీ కుదిరింది. బయలుదేరే ముందురోజు లిఫ్ట్ ఎక్కకుండా, మీ పెట్టె మీరే పట్టుకుని ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగండి. మధ్యలో ఆగాల్సి వస్తే వెనక్కొచ్చి పెట్టె తెరవండి, ముందుగా రెండో జత బూట్లు తీసెయ్యండి.