వీరేశ్వరుని కల్యాణము – హృదయశాంతి

వృద్ధగౌతమీ తీరమందలి మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి ప్రతిదినమును కల్యాణము జరుగుట కోనసీమవారికి క్రొత్త సంగతి కాదు. పెండ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులు దూరప్రాంతములనుండి వచ్చి దానిని చేయింతురు. అయితే దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన పిదపను చల్లారని ఈ వీరేశ్వరుని, అనగా వీరభద్రుని, రౌద్రము భద్రకాళీ సాన్నిధ్యమున ఉపశమించెననియు, మునులంతట ఆ యిరువురకు వివాహము జరిపించిరనియు చెప్పు స్థలపురాణమును తలచుకొనువారు కొందఱే. పని ముగిసినను ఆగని శక్తి ఏమి కావలెను? ఈ ప్రశ్న నాకు ఆలయమునకంటె హృద్రోగచికిత్సను గూర్చి చదువునపుడే గట్టిగా తగిలినది.

డస్సిన గుండెకండరము బిగువుగా ముడుచుకొనునట్లు మందిచ్చుట సహజమైన కరుణగా తోచును. డిజిటాలిస్ ఆకు గుణములను 1785లో విలియం విథరింగ్ అను ఆంగ్లవైద్యుడు గ్రంథరూపమున వివరించెను. శివపూజకు మనము కోయు గన్నేరునందును ఆ జాతి విషమే కలదు. కణమునుండి సోడియమును వెలికి తోడు ఏర్పాటును ఈ విషము కొంత అడ్డగింపగా, లోపల కాల్షియము హెచ్చి, ముడుచుకొనుటకు బలము వచ్చును. మోతాదు కొంచెము మించెనా, ఆ గుండెయే లయ తప్పును. ఈ కుదురునకు చెందిన డిగాక్సిన్‌ను గూర్చి 6,800 మంది రోగులతో జరిపిన పరీక్షాఫలితము 1997లో వెలువడినది: ఆసుపత్రిపాలగుట తగ్గినది, మరణములు తగ్గలేదు. గుండెకు బలమిచ్చు మరియొక మందైన మిల్రినోన్ మాత్రల విషయమున, 1991లో తేలినట్లు, మరణములు పెరిగినవి కూడను. డస్సిన గానుగెద్దును ముల్లుకఱ్ఱతో పొడిచినంత పని!

నిజమునకు దేహమే ఆ పని ముందుగా చేయుచుండును. గుండె నీరసించినదని బెదరి, అడ్రినలిన్ వంటి ద్రవ్యములను కుమ్మరించి తొందరపెట్టును. ఆ తొందర కాలక్రమమున కండరమునే క్షయింపజేయును. దానిని అడ్డగించి గుండెను నెమ్మదింపజేయు బీటా బ్లాకరులు ఒకప్పుడు ఇట్టి రోగులకు నిషిద్ధములు. నేడవే ఆయుర్దాయమును పెంచు మందులు.

అట్లని బలమిచ్చు మందు నింద్యమనను. రక్తపోటు పడిపోయి ప్రాణము కంఠగతమైనపుడు డొబుటమిన్ బొట్లుబొట్లుగా ఎక్కింపవలసి వచ్చును. వీరభద్రుడు లేక దక్షుని గర్వము అణగినదా? శాంతిని శక్తికి పగగా చూపు ఉపన్యాసములు మాత్రము నాకు రుచింపవు. భద్రకాళి వీరభద్రుని ఓడింపలేదు, వరించినది. ఒక్క పెండ్లితో ఆ రౌద్రము శాశ్వతముగా అణగునని మునులును నమ్మినట్లు లేదు. నెమ్మదించినది గదా యని బీటా బ్లాకరు మానిన గుండె మరల తొందరపడును. కావున ఆ మాత్ర ప్రతిదినము వేసికొనవలసినదే. మురమళ్ళలో కల్యాణమును ప్రతిదినము జరుగుచునే యున్నది.