ఏ కొట్టునకు పోవుదుము?

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము, 13 మొదలు 16 వరకు.



ఇప్పుడు మన పల్లెవారికి సహితము సరకులు కొనుటకు మూడు నాలుగు తావులున్నవి. వీధి చివర కిరాణా కొట్టు, చౌకధరల దుకాణము, వారమునకొక సారి సంత, బస్సెక్కి పోయినచో పట్టణములో అద్దాల తలుపుల మార్టు. కూలి డబ్బులు చేతికి వచ్చిన సాయంకాలమున ఎక్కడ కొందమను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. ఇది వంటయింటి మాట, దీనికి దేవుని వాక్యముతో ఏమి పని అని కొందరు తలంచవచ్చును. అయితే దేవుడు ధర్మశాస్త్రమిచ్చినప్పుడు బలిపీఠమును గూర్చి మాత్రమే చెప్పి ఊరకొనలేదు. వర్తకుని సంచిలోని తూకపు రాళ్లను గూర్చియు చెప్పెను.

రాళ్లనగా నిజముగా రాళ్లే. సున్నపురాతితో గుండ్రముగా చెక్కిన తూకపు రాళ్లు యూదా దేశపు త్రవ్వకములలో అనేకములు దొరికినవి. అందు షెకెలు రాయి ఇంచుమించు 11 గ్రాములు తూగును. మన బైబిలులో షెకెలును తులమని తర్జుమా చేసిన పెద్దలు సరిగానే చేసిరి, మన తులము కూడ 11 గ్రాములకు కొంచెము పైచిలుకే గదా! ఆ సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు విధముల రాళ్లు ఉండకూడదని ఆజ్ఞ. రెండెందుకు? రైతు యొద్ద కొనునప్పుడు పెద్ద రాయి, బీదవానికి అమ్మునప్పుడు చిన్న రాయి. మిరపకాయలు, వేరుసెనగలు అమ్ముకొన్న మనవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆమోసు ప్రవక్త 8వ అధ్యాయములో గద్దించినది కూడ ఇట్టి వర్తకులనే. విశ్రాంతి దినము ఎప్పుడు ముగియునా అని వారు ఆత్రపడుచు, కొలత తగ్గించి, గోధుమల తాలును సహితము అమ్ముచుండిరి.

కాబట్టి మొదట చూడవలసినది తక్కెడ, ధర తరువాత. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేటా ప్రభుత్వ ముద్ర వేయించవలెనని చట్టము. ఆ ముద్ర ఎక్కడున్నదని అడుగుట తగవులాట కాదు. సరకు పెట్టకమునుపు కాటా సున్న చూపుచున్నదో లేదో చూడుడి. పొట్లముపై అచ్చువేసిన గరిష్ఠ ధరను మించి తీసికొనుటకు ఎవరికిని హక్కు లేదు. పొట్లము పెద్దదిగా కనబడినంత మాత్రమున లోపల సరకు ఎక్కువ యుండదు, బరువు చదివి కిలోకు ఎంత పడినదో లెక్క కట్టవలెను. మిరియాలలో బొప్పాయి గింజలు కలుపువారున్నారు. గ్లాసెడు నీళ్లలో వేసినచో మంచి మిరియములు అడుగునకు పోవును, బొప్పాయి గింజలు తేలును. పట్టణములో కొన్నచో నూరు రూపాయలు మిగులునని పోయి, అరువది రూపాయలు బస్సుకిచ్చి, పనిలేని సరకు మరి నూటికి కొని తెచ్చు యిండ్లును ఉన్నవి.

ఇక అసలు సంగతి. అనేక కొట్లలో "అరువు రేపు" అని బోర్డు కట్టియుందురు. అయినను వర్షములు లేని నెలలో, బిడ్డకు జ్వరము వచ్చిన వారములో, అదే కొట్టువాడు బియ్యము, నూనె, పప్పు ఇచ్చి ఖాతా పుస్తకములో వ్రాసికొనును. పంట డబ్బు వచ్చును. అప్పుడేమి జరుగును? నగదు చేతపట్టుకొని మార్టునకు పోవుదుము. డబ్బు లేనినాడు వీధి కొట్టు, డబ్బున్ననాడు పట్టణము! కొట్టువాడు దారిలో ఎదురైనచో "రేపు ఇత్తుము" అందుము. అతని బోర్డు మీది మాట ఇప్పుడు మన నోటిలోనికి వచ్చినది. సామెతలు 3వ అధ్యాయములో, నీ యొద్ద ద్రవ్యముండగా పొరుగువానిని రేపు రమ్మనవద్దని జ్ఞాని హెచ్చరించుచున్నాడు. మార్టులో కొనుట పాపమని నేను చెప్పను. ఖాతాలో బాకీ యుంచి మార్టులో నగదిచ్చి కొనుట అన్యాయమని మాత్రము చెప్పుదును. ఆ చిన్న కొట్టువాడు కూడ టోకు వర్తకునికి బాకీదారుడే. అతని కొట్టు మూతబడినచో, వచ్చే కరవులో మనకు పప్పు ఎవరు ఇత్తురు? మార్టులో ఖాతా పుస్తకము లేదు.

అయితే అరువిచ్చుచున్నాడను నెపముతో అధిక ధర వేసి, లెక్క చూపని కొట్టువాడును ఉన్నాడు. అట్టివాని బాకీ తీర్చి బయటపడుటయే మేలు. ఖాతా వ్రాయించునప్పుడే చదువుకొన్న పిల్లచేత మన యొద్దను ఒక పుస్తకము వ్రాయింపుడి.

మన విశ్వాసి కొట్టులోనే కొనవలెనా అని కొందరు అడుగుదురు. కొరింథీయులు సంతలో ఎవరి యొద్ద కొనవలెనని పౌలు నిబంధన పెట్టలేదు. అమ్మినదానిని అడ్డు ప్రశ్నలు లేక కొనుమనెను. విశ్వాసి తూకము సరిగా ఉన్నచో సంతోషముతో కొనుడి. లేనిచో సహోదరునికి ఏకాంతముగా చెప్పుడి. మరియొక మాట. మన తాతల కాలమున మనవారిని మెట్టు ఎక్కనీయక, డబ్బు నేలపై పెట్టించి, సరకు పైనుండి చెంగులో పడవేసిన కొట్లుండెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములను పేరు పెట్టి చెప్పి, ఆ అడ్డు తొలగించినది. మన యౌవనులు మార్టును ఇష్టపడుటకు ధర ఒక్కటే కారణము కాదు, అక్కడ ఎవ్వరును నీది ఏ పేట అని అడుగరు. పెద్దలు వారిని గద్దింపకమునుపు ఇది తలంపవలెను. మర్యాదగా పిలిచి చేతికి చేయి తగులునట్లు చిల్లర ఇచ్చు కొట్టునకు రెండు రూపాయలు ఎక్కువైనను పోవచ్చును.

కొనువారి తక్కెడ కూడ ఒకటి ఉన్నది. కూరగాయల గంప దింపిన అవ్వ యొద్ద వంకాయలు పుచ్చులని బేరమాడి, కొసరు కూడ లాగుకొని, ఇంటికి వచ్చి ఎంత చౌకగా కొంటినని చెప్పుకొనువారిని సామెతలు 20వ అధ్యాయము ఎరుగును. మార్టులో బేరమాడని నోరు అవ్వ యొద్ద ఎందుకు లేచును?

ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణములో 1844వ సంవత్సరమున 28 మంది, నేతపనివారును ఇతర పనివారును, తలకొక పౌను వేసికొని తామే ఒక కొట్టు తెరచిరి. ఆ డిసెంబరు 21న వారి యొద్ద ఉన్నది పిండి, వెన్న, పంచదార, ఓట్ల పిండి, కొన్ని కొవ్వొత్తులు. కలితీ లేని సరకు, సరియైన తూకము, అరువు లేదు, లాభము కొన్నవారికే కొన్నంత మేరకు పంచుట, ఇవి వారి నియమములు. మన స్త్రీల సమాజమువారు అంతపని చేయనక్కరలేదు. పది కుటుంబములు కలిసి నెలకొక బస్తా కందిపప్పు టోకుగా తెచ్చి పంచుకొని చూడవచ్చును. కాటా మాత్రము ముద్ర వేసినదై యుండవలెను.