బారుల నడుమ బాట

కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగినంతనే కార్లు, బస్సులు, లారీలు బారులు తీరి నిలుచును. సైకిలుపై వచ్చినవాడు ఆ బారుల నడుమనున్న సందులోనుండి మెల్లగా ముందునకు సాగును. ఇది అతని హక్కా, లేక తనకంటె ముందు వచ్చినవారిని వంచించుటయా? ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని పదిమందికి చెందిన బాటలో పెద్దవాని కెంత, చిన్నవాని కెంత అను ధర్మసందేహము ఇందులో ఇమిడియున్నది. బెంగుళూరులోనైనను, చెన్నైలోనైనను, షోలాపురములోనైనను మన కుటుంబములవారు నిత్యము ఎదుర్కొను విషయ మగుటచే దీనిని కొంత విచారింపదలచితిమి.

ముందుగా చట్టము మాట. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము కాలితో తొక్కు సైకిలు మోటారు వాహనము కాదు. ఆ చట్టముక్రింద 2017లో అమలులోనికి వచ్చిన చోదన నిబంధనలు మోటారు వాహనములు నడుపువారి నుద్దేశించినవి. అంతమాత్రమున సైకిలువాడు చట్టమునకు అతీతుడు కాడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 281వ విభాగము, బహిరంగ మార్గమున ఏ వాహనమునైనను మనుష్యప్రాణమునకు అపాయము కలుగునంత దుడుకుగా, నిర్లక్ష్యముగా నడుపువానికి ఆరు నెలల వరకు ఖైదుగాని, వేయి రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. అనగా అది ముఖ్యముగా అడుగునది ఎచ్చట పోయితివని కాదు, ఎట్లు పోయితివని.

ఇతర దేశములలో చూచినను ఒక్క తీర్పు లేదు. బ్రిటనులో 2022 జనవరిలో సవరింపబడిన రహదారి నియమావళి, నిలిచియున్న వాహనములను, మెల్లగా సాగు వాహనములను సైకిలువారు కుడినుండిగాని ఎడమనుండిగాని దాటవచ్చునని చెప్పుచు, పొడవైన వాహనముల చెంతను, కూడలుల చెంతను జాగరూకులై యుండుడని హెచ్చరించినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2016లో శాసనము చేసి మోటారు సైకిళ్లు బారుల నడుమ పోవుటను అంగీకరించినది. అమెరికాలోనే పెక్కు రాష్ట్రములు దాని నంగీకరింపవు. ఒకచోట నేరమైనది వేఱొకచోట న్యాయమగుచున్నప్పుడు, చట్టము ఒక్కటియే ధర్మమును తేల్చజాలదు.

బారుల నడుమ పోవువానిపై సాధారణముగా మోపబడు అభియోగము, వెనుక వచ్చి ముందు నిలిచెనని. రేషను దుకాణము ముందు వరుసను తప్పించి ముందునకు పోయినవాడు ఇతరుల వంతును అపహరించుచున్నాడు; అతడు తీసికొన్నంత కాలము వెనుకవారికి తప్పక నష్టము. సైకిలువాడు వాడుకొను సందు కారునకు పనికిరానిది. అతడు దానిని వాడుకొన్నంతమాత్రమున ఎవరి చోటును తగ్గదు. పైగా, అతడు కూడ కారువలె బారులో నిలిచినచో ఆ బారు మఱికొంత పొడవగును. కనుక ఈ అభియోగము మనము తలచినంత బలమైనది కాదు.

కాని ఆ సందు చివర మఱియొక ధర్మము ఎదురగును. సైకిలువాడు తెల్లగీతను దాటి, నడచువారి కొఱకు గీయబడిన చారలపై చక్రము నిలిపెనా, తనకు కార్లవారు చేయు అపకారమునే తాను కాలినడకవానికి చేసినవాడగును. తనకంటె పెద్దవానియొద్ద న్యాయము కోరువాడు తనకంటె చిన్నవానికి న్యాయము చేయవలయును గదా!

ఇక ప్రాణరక్షణ మాట. నిలిచియున్న బారుల నడుమ నడకవేగమున పోవుట వేఱు. కదలుచున్న బారుల నడుమ దూఱుట వేఱు. కారు తలుపు ఉన్నట్లుండి తెఱచుకొనినచో సందు పూర్తిగా మూసికొనిపోవును. లారీ ఎడమకు తిరుగునప్పుడు దాని వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు. లోపలివైపునకు ఒఱసికొని వచ్చును. ఆ ప్రక్కను నిలిచినవాడు చోదకుని అద్దములో కనబడకపోవచ్చును. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు మోటారు సైకిళ్ల ప్రమాదములను దాదాపు 6,000 పరిశీలించి, చుట్టునున్న వాహనముల వేగము గంటకు 80 కిలోమీటర్లు మించనప్పుడు, వానికిని మోటారు సైకిలునకును వేగభేదము 24 కిలోమీటర్లు మించనప్పుడు మాత్రమే బారుల నడుమ ప్రయాణము కొంత క్షేమకరమని తేల్చిరి. సైకిళ్లకు ఈ లెక్కలను యథాతథముగా అన్వయింపరాదు; అందలి సారము మాత్రము గ్రహింపదగినది. అపాయము సందులో ఉన్నదానికంటె వేగభేదములో ఎక్కువగా ఉన్నది.

మన నగరములలో స్కూటర్లు, మోటారు సైకిళ్లు గూడ ఈ సందునే కోరుచున్నవి. వాటికిని అదే హక్కు కలదా? మాకు తోచునది ఇది: సైకిలువాని హక్కు అతని కొంచెపుతనమునుండి, మెల్లదనమునుండి పుట్టినది. ఆ రెండును తగ్గినకొలది హక్కును తగ్గును, బాధ్యత పెరుగును. నిర్ణీత సమయములో పొట్లము చేర్చకున్న కూలి కోతపడునను భయముతో సందులలో దూఱు కుఱ్ఱవానిని నిందించుటకు ముందు, ఆ తొందర ఎవరు పెట్టినదో, ఎవరి కొఱకో గూడ అడుగవలయును. గుమ్మము కడ ఎదురుచూచుచున్న మనకును అందులో పాలు కలదు.

బ్రిటను నియమావళి 2022లో మఱియొక సూత్రమును చేర్చినది: ఎవడు ఎక్కువ హాని చేయగలడో, ఇతరులకు కలుగు అపాయమును తగ్గించు బాధ్యతయు వానిదే అధికము. ఇది మనకు క్రొత్త మాట కాదు. బలవంతుడు ఓర్పు వహింపవలెనని మన పెద్దలు చెప్పినదే. దీనికి విరుద్ధమైన మార్గమును గూడ మన దేశము చూచినది. 2013లో కలకత్తా పోలీసులు 174 వీధులలో సైకిళ్లను నిషేధించిరి. బలహీనుని కాపాడుటకు అతనినే బాటనుండి తొలగించుట సులభమైన ఉపాయమే. కాని పాలు పోయువాడు, పత్రికలు వేయువాడు, మగ్గమునకు పోవువాడు ఏ త్రోవను పోవలయును?

కావున మా నిశ్చయము ఇట్టిది. నిలిచిన బారుల నడుమ, మెల్లగా, పొడవైన బండ్ల ప్రక్కలకు పోక, తెల్లగీతను దాటక పోవు సైకిలువాడు తప్పు చేయుటలేదు. బారు కదలిన క్షణమున ఆ హక్కు ముగిసినట్లే. అప్పుడు అతడు తన వరుసను చేరవలయును. కారులోని మనవారు తలుపు తెఱచునప్పుడు దూరపు చేతితో పిడిని పట్టుట అలవాటు చేసికొనినచో, మేను వెనుకకు తిరిగి, వచ్చుచున్నవాడు కంటబడును. ఆ అలవాటును ఇంటి పిల్లలకు నేర్పుటకు ఏ శాసనమును వేచియుండనక్కఱలేదు.