హంఫ్రీ వాటాకొచ్చిన చెత్త

చిరంజీవి మనవరాలికి,

నువ్వు ఫోన్‌కి పంపిన ఎలుగుబంటి బొమ్మల సినిమా చూశాను. మీ అమ్మమ్మ ఒకసారి చూసి, మళ్ళీ పెట్టమంది. నవ్వుకోమనే పంపావు, కడుపారా నవ్వుకున్నాం. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ జట్టుకు నిన్ను నాయకురాలిని చేశారని కిందటి ఉత్తరంలో రాశావు కదా తల్లీ. ఆ మాట మనసులో మెదులుతుండగా చూశానేమో, నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆ బొమ్మ పేరు ‘ఇన్ ది బ్యాగ్’. డిస్నీవాళ్ళు 1956లో తీశారు. దర్శకుడు జాక్ హానా. అంతకుముందు ఏళ్ళ తరబడి డొనాల్డ్ డక్ బొమ్మలు తీసి, కోపిష్టి బాతుతో లోకాన్ని నవ్వించినవాడు. ఎలుగుబంటి హంఫ్రీకి మాటలు లేవు, గుర్రుగుర్రుమనడమే. ఆశ, భయం, దొరికిపోయానన్న దిగులు అన్నీ ఆ భారీ ఒళ్ళే చెప్పాలి. అందుకే ఇంగ్లీషు రాని మీ అమ్మమ్మకు ఒక్క చోట కూడా నేను అర్థం చెప్పాల్సి రాలేదు. ఇక ఆ పార్కును చూసుకునే రేంజరు గొంతు విన్నావా? బిల్ థాంప్సన్ అనే నటుడిది. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ సినిమాలో హడావిడిపడే తెల్ల కుందేలు గొంతు కూడా ఆయనదే. పెద్దరికాన్నీ గాభరానీ ఒకే గొంతులో పలికించడం ఎంత కష్టమో!

నాకు బాగా నచ్చింది ఎలుగుబంట్ల నాట్యం. పార్కు నిండా సందర్శకులు పారేసిన చెత్త. దాన్ని ఎత్తాల్సిన పని రేంజరుది. ఆయన అదొక ఆటని నమ్మించి, పాట కట్టి, ఎలుగుబంట్లను వరసగా నిలబెట్టాడు. అవి నడుములు ఊపుతూ చెత్త ఏరుతుంటే మన కాళ్ళు కూడా లయ పట్టుకుంటాయి. సినిమాస్కోప్ తెర వెడల్పు ఆ వరసకు ఎంత కలిసొచ్చిందో చూడు. కాసేపటికి అసలు సంగతి హంఫ్రీ కనిపెడతాడు. తాము చెమటోడుస్తుంటే పాట నేర్పిన పెద్దమనిషి హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాడు! అంతే, నాట్యం ఆగిపోయింది.

అమ్మలూ, ఇక్కడ కాస్త ఆగు. పాటతో పని తేలికవడం మనకు కొత్త కాదు. మన ఆడవాళ్ళు వరినాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటలు నీకు తెలుసు. వాళ్ళు మోకాలి లోతు బురదలో తామే నిలబడి, తమ నడుము నొప్పి మరిచిపోవడానికి పాడుకున్నారు. ఈ రేంజరు గట్టున కూర్చుని పాట అందించాడు. ఎలుగుబంట్లు అలిగింది పనికి కాదు, మోసానికి. నాయకత్వం చేతికొచ్చిన మొదటి రోజుల్లోనే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఉత్సాహపరిచే మాటలు నీకు బాగా వచ్చు, అది దేవుడిచ్చిన గుణం. ఆ మాటల వెనక నీ చేతులు కూడా పనిలో ఉండాలి.

తర్వాతి సంగతి ఇంకా పెద్దది. చెత్త ఎత్తితేగాని భోజనం లేదని రేంజరు పార్కును వాటాలు వేసి పంచాడు. మిగతా ఎలుగుబంట్లు ఏం చేశాయి? తమ వాటాలోది మొత్తం హంఫ్రీ వాటాలోకి నెట్టేసి తిండికి పరుగెత్తాయి. అందరి చెత్తా ఒక్కడి నెత్తిన పడింది. మనం అప్పుడు నవ్వుతాం, ఆ అమాయకుడి ముఖం అలా ఉంటుంది మరి. కానీ ప్రతి జట్టులోనూ ఇలాంటివాడు ఒకడు ఉంటాడు. కాదనలేక అందరి పనీ చేసిపెట్టేవాడు. నాయకురాలిగా ముందు నువ్వు వెతకాల్సింది అతన్నే.

పాపం, హంఫ్రీ కూడా దాటవేయాలనే చూస్తాడు. చెత్తకు నిప్పు పెట్టబోతే స్మోకీ ప్రత్యక్షమై ఆపుతాడు. అడవుల్లో అగ్గి పుట్టకుండా 1944 నుంచి అమెరికాలో హెచ్చరిస్తున్న ప్రచార చిత్రాల ఎలుగుబంటి అతను. చివరికి అంతా ఓ వేడినీటి బుగ్గ నోట్లో కుక్కితే, ఆ బుగ్గ ఎగజిమ్మి చెత్తను పార్కంతా చల్లింది. పని మళ్ళీ మొదటికొచ్చింది.

అది బొమ్మల్లోని అతిశయోక్తి అనుకోకు. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ పార్కులో మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి గుండం ఉంది. ఒకప్పుడు నిండు నీలం. సందర్శకులు దశాబ్దాలపాటు అందులో నాణేలు, చేతిరుమాళ్ళు, చెత్త వేశారు. ఈ సినిమాకు ఆరేళ్ళ ముందు, 1950లో, పార్కువాళ్ళు నీటిమట్టం తగ్గించి గుండాన్ని పొంగించారు. కుప్పలకొద్దీ నాణేలు, రుమాళ్ళు, గుడ్డలు బయటపడ్డాయి. కానీ పూడుకుపోయిన దారులు పూర్తిగా తెరుచుకోలేదు. వేడి తగ్గింది, అంచుల్లోని పసుపు, నారింజ రంగు సూక్ష్మజీవులు లోపలికి పాకాయి. ఆ నీలం ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఎలుగుబంట్లదీ ఇదే కథ. అక్కడ జనం కార్లలోంచి వాటికి తిండి పెట్టేవారు, హోటళ్ళ ఎంగిలి కుప్పల దగ్గర కూర్చుని వేడుక చూసేవారు. 1931 నుంచి 1969 దాకా సగటున ఏటా 48 మంది ఎలుగుబంట్లవల్ల గాయపడ్డారు. 1970లో కుప్పలు మూసేశారు. మనిషి తిండికి అలవాటుపడ్డ గోధుమ ఎలుగుబంట్లు గుడారాల దగ్గరికి రావడం మొదలుపెట్టాయి, ఎన్నో చంపబడ్డాయి. 1975లో వాటిని ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించాల్సి వచ్చింది. పారేసింది మనుషులు, బలైంది అవి. హంఫ్రీని చూసి నవ్వే నా నవ్వులో ఇంత బాధ కూడా ఉంది తల్లీ.

ఆదివారం మీ జట్టు చెరువుగట్టు శుభ్రం చేస్తుందన్నావు. వాటాలు పంచేటప్పుడు అందరికంటే పెద్ద వాటా నీ పేరున రాసుకో. ఫొటోలు పని అయ్యాకే తీయించు. ఏరిన చెత్త గట్టు అవతల పోయకుండా మున్సిపాలిటీ బండి ఎక్కేదాకా దగ్గరుండు. భోజనాల వేళకు ఎవరైనా ఇంకా ఒంటరిగా ఏరుతూ కనిపిస్తే, సంచి తీసుకుని వాళ్ళ పక్కకు వెళ్ళు.

ఆశీస్సులతో,
తాతయ్య